పనిచోట ఈవీ చార్జర్లు: ఎనిమిది గంటల పార్కింగుకు ఎంత కరెంటు కావాలి?

ఉద్యోగుల్లో నలుగురైదుగురు ఎలక్ట్రిక్ కార్లు కొనగానే చాలా సంస్థల్లో కథ ఒకేలా నడుస్తుంది. మొదట ఎవరో సెక్యూరిటీ గది పక్కనున్న సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ వైరు లాగి చార్జింగ్ పెట్టుకుంటారు. అది చూసి ఇంకొకరు అడుగుతారు. యాజమాన్యం మేలుకొని కొటేషన్లు తెప్పిస్తుంది. వాటిలో కంటికి ముందు కనబడేది కిలోవాట్ల అంకె: 7.4, 22, 60. అంకె ఎంత పెద్దదైతే చార్జర్ అంత మంచిదన్న అభిప్రాయం అక్కడే నాటుకుంటుంది. బంకులో ఐదు నిమిషాల్లో ట్యాంకు నింపుకొని బయటపడే అలవాటు నుంచి వచ్చిన అభిప్రాయం అది.

పనిచోట ఆ అలవాటు పనికిరాదు. ఉదయం తొమ్మిదింటికి ఆగిన కారు సాయంత్రం ఐదారింటిదాకా కదలదు. గంటలో చార్జింగ్ ముగించే యంత్రానికి బోలెడు ఖర్చు పెట్టి, మిగతా ఏడు గంటలూ అదే కారును దాని ముందు ఊరికే నిలబెట్టడం దండగ వ్యవహారం. చార్జర్ కొనే ముందు తేలాల్సినవి రెండే సంగతులు: కారు ఎంతసేపు ఆగుతుంది, ఆ రోజుకు దానికి ఎన్ని యూనిట్లు కావాలి. చార్జర్ల రకం, సంఖ్య, కేబుల్ మందం, మెయిన్ బోర్డు మీద పడే లోడు, ఇవన్నీ ఆ రెండింటి వెంటే నడుస్తాయి.

కారుకు రోజుకు ఏడు యూనిట్లు

లెక్క పెద్దదేమీ కాదు. ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వాడితే ఒక యూనిట్. మామూలు ఎలక్ట్రిక్ కారు వంద కిలోమీటర్లకు సుమారు 15 నుంచి 18 యూనిట్లు ఖర్చు చేస్తుంది. రానూపోనూ రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి కారుకు ఆరున్నర యూనిట్లు చాలు. చార్జింగ్‌లో వేడిగా పోయే దాదాపు పదో వంతునూ కలుపుకుంటే ఏడు యూనిట్లు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద 16 ఆంపియర్లు ఇచ్చే పాయింటు 3.7 కిలోవాట్ల శక్తినిస్తుంది. అది రెండు గంటల్లో ఆ ఏడు యూనిట్లూ ఎక్కించేస్తుంది. 32 ఆంపియర్ల పాయింటు, అంటే 7.4 కిలోవాట్లది, గంటలో ఎక్కిస్తుంది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగేవారికి సైతం చిన్న పాయింటే ఐదు గంటల్లో పని ముగిస్తుంది. అప్పటికి ఇంకా సాయంత్రం కాదు.

ఇప్పుడు ఒక్క కారును వదిలి మొత్తం పార్కింగును చూద్దాం. నలభై ఎలక్ట్రిక్ కార్లు వచ్చే సంస్థ అనుకుందాం. ఒక్కోదానికి ఏడు యూనిట్ల చొప్పున రోజుకు 280 యూనిట్లు. ఎనిమిది గంటల మీద సర్దితే సగటున పడే లోడు 35 కిలోవాట్లు. అదే నలభై కార్లకు నలభై 7.4 కిలోవాట్ల చార్జర్లు పెట్టి, అన్నీ ఒకేసారి పూర్తి వేగంతో నడుస్తాయని లెక్కవేస్తే 296 కిలోవాట్లు వస్తుంది. నిజమైన అవసరానికీ పెట్టెల మీద ముద్రించిన అంకెల మొత్తానికీ మధ్య ఎనిమిది రెట్లకు పైగా తేడా. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలా, విద్యుత్ సంస్థ నుంచి అదనపు లోడు మంజూరు చేయించుకోవాలా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల్లో దేన్ని ఆధారంగా తీసుకుంటారన్నదాని మీదే ఉంటుంది. 296 మీద వేసిన ప్రాజెక్టు ఖర్చు చూసి చాలాచోట్ల యాజమాన్యాలు ఆ ఆలోచనే మానుకుంటాయి. సగటు 35కు కొంత వెసులుబాటు కలిపి 60 కిలోవాట్లతో అదే పని హాయిగా జరుగుతుందని అప్పుడు చెప్పేవాళ్లుండరు.

ముందుగా చేయాల్సిన సర్వే కూడా ఇందుకోసమే. ఎవరి దగ్గర ఈవీ ఉంది అని అడిగి వదిలేస్తే చాలదు. ఎంత దూరం నుంచి వస్తారు, ఎన్ని గంటలు ఉంటారు, షిఫ్టులున్నాయా, ఇంటి దగ్గర చార్జింగ్ సౌకర్యం ఉందా, వచ్చే రెండేళ్లలో కొనే ఆలోచన ఉందా అని అడగాలి. వీటన్నిటిలోకీ ఇంటి చార్జింగ్ ప్రశ్నకే బరువెక్కువ. సొంత గ్యారేజీ ఉన్నవారికి ఆఫీసు చార్జర్ ఒక వెసులుబాటు మాత్రమే. అపార్టుమెంట్లలో అద్దెకుండే వారికి అదే ఏకైక ఆధారం కావచ్చు. కారు కొనాలా వద్దా అన్న నిర్ణయాన్నే అది మార్చేస్తుంది.

ఈ విషయంలో తరచూ వినబడే ఒక అంకె గురించి చెప్పుకోవాలి. అమెరికా ఇంధన శాఖ 2013లో వర్క్‌ప్లేస్ చార్జింగ్ చాలెంజ్ పేరిట ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో చేరిన సంస్థల ఉద్యోగులు సగటు ఉద్యోగి కంటే ఆరు రెట్లు ఎక్కువగా ఈవీలు నడుపుతున్నారని తర్వాత ఆ శాఖ ప్రకటించింది. చార్జర్లు పెట్టినందువల్లే కార్లు కొన్నారని దాన్నిబట్టి తేల్చేయలేం. ఈవీలు కొనగల జీతాలు, వాటి మీద ఆసక్తి ఉన్న ఉద్యోగులున్న సంస్థలే ముందుగా అలాంటి కార్యక్రమంలో చేరతాయి. చార్జర్ అమ్మడానికి వచ్చినవారు ఆ అంకెను చూపించినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

గోడకున్న పెట్టె చేసేదేమిటి?

అందరూ చార్జర్ అని పిలిచే ఆ గోడ పెట్టె నిజానికి బ్యాటరీని చార్జ్ చేయదు. దిశ మారుతూ ప్రవహించే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన, ఒకే దిశలో ప్రవహించే డీసీగా మార్చే అసలు చార్జర్ కారులోనే ఉంటుంది. గోడ పెట్టె చేసేది కారును గుర్తించడం, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూడటం, ఎంత కరెంటు వాడుకోవచ్చో కారుకు చెప్పడం, ఆపైన స్విచ్ వేయడం. అందుకే 22 కిలోవాట్ల పెట్టె కొన్నంత మాత్రాన కార్లన్నీ 22 తీసుకోవు. కారులోని చార్జర్ సామర్థ్యం 7.4 అయితే దానికి అందేదీ 7.4 కిలోవాట్లే. చాలా కార్లలో ఉండేది 3.3, 7 లేదా 11 కిలోవాట్ల చార్జరే. 22 తీసుకోగలిగేవి కొద్ది. త్రీ ఫేజ్ సరఫరా ఉన్నచోట 16 ఆంపియర్లకు 11 కిలోవాట్లు వస్తుంది, 32కు 22 వస్తుంది. పార్కింగు మొత్తానికి 22 పెట్టెలు కొనడమంటే వాడకంలోకి రాని సామర్థ్యానికి డబ్బు కట్టడమే.

కారుతో ఆ పెట్టె మాట్లాడే పద్ధతి సరళంగా, ముచ్చటగా ఉంటుంది. కేబుల్లో పైలట్ వైరు అని ఒక సన్నని తీగ ఉంటుంది. దాని మీద సెకనుకు వెయ్యిసార్లు హెచ్చుతగ్గులయ్యే 12 వోల్టుల సిగ్నల్ నడుస్తుంది. ప్రతి చక్రంలో సిగ్నల్ ఎంత శాతం సేపు పై స్థాయిలో ఉందో చూసి కారు తన వాటాను తెలుసుకుంటుంది. ఆ శాతాన్ని 0.6తో గుణిస్తే ఆంపియర్లు: సుమారు 27 శాతం అంటే 16 ఆంపియర్లు, 53 శాతం అంటే 32. పెట్టె ఆ శాతాన్ని ఎప్పుడైనా మార్చవచ్చు, దానికి తగ్గట్టు కారు వెంటనే సర్దుకోవాలి. అటువైపున కారు తాను సిద్ధంగా ఉన్నదీ లేనిదీ అదే తీగ మీది వోల్టేజిని 9కో 6కో దించి చెబుతుంది. ఖరీదైన నెట్‌వర్క్ పరికరాలేవీ లేకుండా ఒక్క తీగ మీద సాగే ఈ సంభాషణే కింద చెప్పబోయే లోడ్ మేనేజ్‌మెంట్‌కు పునాది.

వంతులవారీ పంపకం

పరిమితమైన కాలువ నీటిని పొలాలకు వంతులవారీగా వదిలినట్టే లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్న కరెంటును కార్లకు పంచుతుంది. ఇందులో రెండు తరహాలున్నాయి. మొదటిదానిలో చార్జర్ల గుంపు మొత్తానికి ఒక స్థిరమైన పరిమితి పెడతారు, ఉదాహరణకు 60 కిలోవాట్లు. ఎన్ని కార్లు తగిలించినా మొత్తం ఆ గీత దాటదు. రెండోదానిలో భవనం మెయిన్ బోర్డు దగ్గర కరెంటును కొలిచే మీటరు పెట్టి, ఏసీలు, లిఫ్టులు, యంత్రాలు వాడగా మిగిలినదంతా చార్జర్లకు వదులుతారు. మధ్యాహ్నం ఏసీల లోడు పెరిగితే కార్ల వాటా తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. మంజూరైన లోడును పెంచకుండా ఎక్కువ కార్లను సర్దుకోవాలంటే రెండోదే మేలు. చార్జర్ల కంపెనీ ఏదైనా సరే, ఈ సదుపాయం ఒప్పందంలో లేకపోతే ఆ కొటేషన్‌ను పక్కన పెట్టేయవచ్చు.

అయితే ఈ పంపకానికి కింది వైపున ఒక హద్దుంది. ప్రమాణాల ప్రకారం కారుకు కేటాయించగలిగే కనీస కరెంటు 6 ఆంపియర్లు. అంతకన్నా తగ్గించడం కుదరదు. పూర్తిగా ఆపేయడమే మార్గం. సింగిల్ ఫేజ్ మీద 6 ఆంపియర్లంటే దాదాపు 1.4 కిలోవాట్లు. అంటే పైన అనుకున్న నలభై కార్లూ సింగిల్ ఫేజ్‌వైతే 60 కిలోవాట్లలో అన్నిటికీ ఒకేసారి ఆ కనీస వాటా దక్కుతుంది. త్రీ ఫేజ్ కార్లయితే మూడు ఫేజుల మీదా 6 చొప్పున కనీసం 4.1 కిలోవాట్లు కావాలి కాబట్టి, ఒకేసారి పద్నాలుగింటికే చోటుంటుంది. మిగతావి వంతు కోసం ఆగాలి. పైగా అందరికీ కనీసం పంచడం చూడటానికి న్యాయంగా కనిపిస్తుంది గానీ, అది పొదుపైన పద్ధతి కాదు. చార్జింగ్ నడుస్తున్నంతసేపూ కారులోని ఎలక్ట్రానిక్స్, పంపులు కొన్ని వందల వాట్లు తమకోసం వాడుకుంటాయి. వచ్చేదే 1.4 కిలోవాట్లయితే అందులో అదో పెద్ద వాటా. కొన్ని కార్లకు ఎక్కువ ఇచ్చి త్వరగా ముగించి, తర్వాతి గుంపుకు మళ్లడమే నయం. ఒక చిక్కు ఉంది: కొన్ని పాత మోడళ్లు ఎక్కువసేపు ఆపితే నిద్రలోకి జారుకొని, మళ్లీ కరెంటు వచ్చినా మేలుకోవు. సాయంత్రం ఇంటికి బయల్దేరబోయి ఖాళీ బ్యాటరీ చూసుకున్న ఉద్యోగి ఆ వ్యవస్థను మళ్లీ నమ్మడు. చార్జర్లను అప్పగించుకునే రోజున ఉద్యోగుల దగ్గరున్న రకరకాల కార్లను తెప్పించి, ఆపి మళ్లీ నడిపి చూడటం తప్పనిసరి.

ఉదయపు రద్దీ ఇంకో సంగతి. అందరూ అరగంట తేడాలో వచ్చి ఒకేసారి ప్లగ్ పెడతారు. ఏసీలు, కంప్యూటర్లు మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. పెద్ద వినియోగదారుల బిల్లుల్లో చాలాచోట్ల వాడిన యూనిట్లతోపాటు నెలలో అత్యధికంగా తాకిన లోడుకూ విడిగా చార్జీ ఉంటుంది. దాన్ని కొలిచేది పదిహేను నిమిషాలకో అరగంటకో ఒకసారి. నెలంతా జాగ్రత్తగా ఉండి ఒక్క సోమవారం ఉదయం అరగంట పట్టు తప్పితే ఆ నెల లోడు చార్జీ మొత్తం దాన్నిబట్టే పడుతుంది. తొమ్మిదింటికి వచ్చిన కార్లలో సగాన్ని పదకొండుకు మొదలుపెట్టించినా ఎవరికీ ఇబ్బంది లేదు. సాయంత్రానికి అన్నీ నిండే ఉంటాయి.

ఫేజుల మెలిక

త్రీ ఫేజ్ సరఫరా ఉన్న భవనాల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పది త్రీ ఫేజ్ చార్జర్లను ఒకే వరసలో, అన్నిటికీ మొదటి ఫేజును మొదటి టెర్మినల్‌కు కలుపుతూ బిగించేస్తారు. చూడటానికి వైరింగ్ నీటుగానే ఉంటుంది. కానీ సింగిల్ ఫేజ్ కార్లు ఆ మొదటి టెర్మినల్ నుంచి మాత్రమే కరెంటు తీసుకుంటాయి. అలాంటి కార్లు పది వస్తే లోడంతా ఒకే ఫేజు మీద పడుతుంది. మిగతా రెండు ఫేజులు ఖాళీగా ఉండగానే బ్రేకర్ ట్రిప్ అవుతుంది, లేదా లోడ్ మేనేజ్‌మెంట్ అందరి వాటానూ కోసేస్తుంది. మొదటి చార్జర్‌కు ఒకటో ఫేజు, రెండోదానికి రెండోది, మూడోదానికి మూడోది ముందు వచ్చేలా మార్చుకుంటూ వెళ్లడమే దీనికి మందు. ఏ చార్జర్‌ను ఎలా కలిపారో సాఫ్ట్‌వేర్‌లోనూ నమోదు చేయాలి. అది చేయకపోతే వైరింగ్ ఒక లెక్కన, సాఫ్ట్‌వేర్ ఇంకో లెక్కన నడుస్తాయి. పైసా అదనపు ఖర్చు లేని పని ఇది, బిగించే రోజునే అయిపోవాలి.

డీసీ ఫాస్ట్ చార్జర్ ఎవరికి?

డీసీ చార్జర్‌లో మార్పిడి యంత్రాంగమంతా బయటి పెట్టెలోనే ఉంటుంది, బ్యాటరీకి నేరుగా డీసీ వెళ్తుంది. అందుకే అది పెద్దది, ఫ్యాన్లతో శబ్దం చేస్తుంది, ధర కూడా ఏసీ పాయింటు కంటే ఎన్నో రెట్లు. 60 కిలోవాట్ల డీసీ చార్జర్ ఒక్కటే పైన అనుకున్న నలభై కార్ల కోటాను మొత్తం మింగేస్తుంది. ఉద్యోగుల కార్ల కోసం దాన్ని పెట్టడంలో అర్థం లేదు. రోజంతా తిరిగే డెలివరీ వ్యాన్లు, షిఫ్టుకు షిఫ్టుకు మధ్య అరగంటే ఆగే క్యాబులు, దూరం నుంచి వచ్చి గంటలో వెళ్లిపోయే సందర్శకులు ఉంటే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఒకటి చాలు. దాన్నీ లోడ్ మేనేజ్‌మెంట్ పరిధిలోనే ఉంచాలి.

స్కూటర్లు, బైకుల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. చాలావాటి చార్జర్లు ఒక కిలోవాట్ లోపే. వాటికి కారు చార్జర్ పెట్టెలు అక్కర్లేదు. విడి బ్రేకర్, కరెంటు లీకైతే సరఫరాను కోసేసే ఆర్‌సీడీ రక్షణ, నీడ, వర్షం తగలని మూత ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ల వరస చాలు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందికి ఉపయోగపడే పని చార్జింగ్ వ్యవహారంలో ఇంకొకటి లేదు. అయినా కొటేషన్లలో దీని ఊసు ఉండదు, ఎందుకంటే ఇందులో అమ్మేవారికి మిగిలేదేమీ లేదు.

తవ్వకం ఒక్కసారే

చాలా ప్రాజెక్టుల్లో చార్జర్ల ధరను మించిపోయేది మట్టి పని, కేబుల్, ప్యానెల్ ఖర్చు. అందుకే చార్జింగ్ స్థలాలు మెయిన్ ప్యానెల్‌కు దగ్గరగా ఉండాలి. గుమ్మం ఎదుట, అందరి కళ్లలో పడేలా పెట్టాలన్న ఉబలాటం సహజమే గానీ, దానివల్ల తవ్వకం పెరుగుతుంది, పైగా పెట్రోలు కార్లవారు కూడా ఆ చోటు కోసమే పోటీపడతారు. దూరం పెరిగేకొద్దీ కేబుల్ కూడా లావవ్వాలి. 32 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ పాయింటుకు 50 మీటర్ల దూరం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే దారిలోనే దాదాపు 12 వోల్టులు, అంటే ఐదు శాతం పడిపోతుంది. 370 వాట్లకు పైగా ఆ కేబుల్ వేడిగానే పోతుందన్నమాట, చార్జింగ్ నడిచినంతసేపూ. అదే 10 చదరపు మిల్లీమీటర్లదైతే ఆ నష్టం మూడు శాతానికి దిగుతుంది. కేబుల్ మీద మొదట చేసిన పొదుపు బిల్లులో నెలనెలా తిరిగి వసూలవుతూనే ఉంటుంది.

ఈవీ లోడు మిగతా పరికరాల లోడు లాంటిది కాదన్నది ఎలక్ట్రీషియన్లకూ కొత్తే. గీజరో ఏసీ కంప్రెసరో కాసేపు నడిచి ఆగుతుంది. కారు గంటల తరబడి తెరిపి లేకుండా ఒకే కరెంటు లాగుతుంది. ఏ మాత్రం వదులుగా ఉన్న టెర్మినలైనా ఆ వేడికి మాడిపోతుంది. అమెరికా విద్యుత్ నియమావళి ఈ కారణంగానే దీన్ని నిరంతర లోడుగా పరిగణించి, 125 శాతం సామర్థ్యం ఉండాలంటుంది: 32 ఆంపియర్ల చార్జర్‌కు 40 ఆంపియర్ల సర్క్యూట్. కారుతోపాటు వచ్చే కేబుల్‌ను మామూలు ఇంటి సాకెట్‌కు తగిలించి రోజూ గంటలకొద్దీ నడపడం ఎందుకు ప్రమాదమో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. సెక్యూరిటీ గది పక్క ఎక్స్‌టెన్షన్ వైరును మొదటి రోజే తీయించాలి.

తవ్వినప్పుడే భవిష్యత్తుకు సరిపడా ఖాళీ పైపులు వేయించుకోవడం, ప్యానెల్‌లో చోటు మిగుల్చుకోవడం అసలైన పొదుపు. యూరోపియన్ యూనియన్ 2024లో సవరించిన భవనాల ఆదేశం దీన్ని నియమంగానే పెట్టింది. ఐదుకు మించి పార్కింగ్ స్థలాలున్న కొత్త కార్యాలయ భవనాల్లో ప్రతి రెండు స్థలాలకూ కనీసం ఒక చార్జింగ్ పాయింటు ఉండాలి. సగం స్థలాలకు ముందే కేబుళ్లు, మిగతావాటికి పైపులు సిద్ధంగా ఉండాలి. నియమం వర్తించని చోట కూడా ఇది మంచి కొలమానం. చార్జర్లు ఇవాళ పది పెట్టి రేపు నలభై చేయవచ్చు. కాంక్రీటును రెండుసార్లు పగలగొట్టడమే భరించలేని ఖర్చు.

స్థలం ఎంచేటప్పుడు చిన్నవిగా కనబడే మరికొన్ని సంగతులున్నాయి. కార్లన్నిటికీ చార్జింగ్ మూత ఒకే చోట ఉండదు: నిస్సాన్ లీఫ్ తొలి రెండు తరాలకు ముక్కు మీద, టెస్లా మోడల్ 3కి వెనక ఎడమవైపు, ఫోక్స్‌వాగన్ ఐడీ.4కు వెనక కుడివైపు. రెండు స్థలాల మధ్య ఒక స్తంభం నాటి, రెండువైపులా పాయింటు ఇచ్చి, ఐదు మీటర్ల పైచిలుకు కేబుల్ ఉంచితే దాదాపు ఏ కారైనా ముందు నుంచో వెనక నుంచో సర్దుకుంటుంది. చక్రం ఆగే దిమ్మె లేకపోతే మొదటి నెలలోనే ఎవరో ఒకరు పెట్టెను గుద్దుతారు. చక్రాల కుర్చీలో వచ్చే ఉద్యోగికి అందే ఎత్తులో, పక్కన తిరగడానికి వీలున్న చోట కనీసం ఒకటైనా ఉండాలి. సెల్లారైతే నీరు నిలిచే మూలను వదిలేయాలి. బయటికి పోయే మెట్లకు, తలుపులకు దూరంగా పెట్టాలి. మొత్తం సరఫరాను ఒక్కసారిగా ఆపే స్విచ్ చేతికందే చోట ఉండాలి. బీమా సంస్థకు ముందే తెలియజేయాలి.

రక్షణ: ఇక్కడ బేరం వద్దు

మనిషికి షాక్ తగిలేలోపు సరఫరాను కోసేసే ఆర్‌సీడీ ప్రతి చార్జర్‌కూ విడిగా ఉండాలి, 30 మిల్లీ ఆంపియర్లది. ఈవీల విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. కారులోని మార్పిడి యంత్రాంగంలో లోపం వస్తే భూమిలోకి డీసీ లీకు కావచ్చు. మామూలు టైప్ ఏ ఆర్‌సీడీలోని అయస్కాంత కోర్ ఆ డీసీ వల్ల మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత నిజంగా ఏసీ షాక్ తగిలే పరిస్థితి వచ్చినా అది కదలకపోవచ్చు. కాబట్టి డీసీ లీకును కూడా పసిగట్టే టైప్ బీ ఆర్‌సీడీ అయినా ఉండాలి, లేదా 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకును పసిగట్టి ఆపేసే పరికరం చార్జర్‌లోనే ఉండి, దానికి తోడు టైప్ ఏ ఉండాలి. కొటేషన్‌లో ఈ రెండింట్లో ఏది ఉందో రాతపూర్వకంగా అడగాలి. నాలుగు చార్జర్లకు కలిపి ఒకే ఆర్‌సీడీ పెడితే ఒక కారు లోపం మిగతా ముగ్గురి రక్షణనూ దెబ్బతీస్తుంది.

ఎర్తింగ్ కూడా అంతే ముఖ్యం. కొన్ని సరఫరా పద్ధతుల్లో న్యూట్రల్, ఎర్త్ రెండూ వీధిలో ఒకే తీగగా వస్తాయి. ఆ తీగ తెగితే ఎర్త్‌కు కలిపిన లోహమంతా, అంటే కారు బాడీతో సహా, కరెంటు పట్టుకుంటుంది. ఆరుబయట తడి నేల మీద నిలబడి కారు తలుపు తాకే మనిషికి అది ప్రాణాంతకం. అలాంటిచోట చార్జర్లకు విడిగా ఎర్త్ రాడ్ వేయడమో, తీగ తెగిందని గుర్తించి పూర్తిగా విడగొట్టే పరికరం పెట్టడమో చేయాలి. ఏది సరైనదో స్థలం చూసిన అర్హుడైన ఇంజినీరు తేల్చాలి, అమ్మకాల ప్రతినిధి కాదు.

సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉంది?

పెట్టె పదేళ్లు ఉంటుంది. దాన్ని నడిపే కంపెనీ అన్నేళ్లు ఉంటుందన్న హామీ లేదు. 2024 అక్టోబరులో ఎనెల్ ఎక్స్ వే సంస్థ ఉత్తర అమెరికాలో తన చార్జింగ్ వ్యాపారాన్ని మూసేసింది. ప్రకటనకూ మూతకూ మధ్య కొద్ది రోజులే గడువు. దాని సర్వర్ల మీద ఆధారపడిన వాణిజ్య చార్జర్లు పెట్టుకున్నవారు ఒక్కసారిగా దిక్కుతోచని స్థితిలో పడ్డారు.

ఇలాంటిదానికి విరుగుడుగా ఉన్నదే ఓసీపీపీ, చార్జర్‌కూ దాన్ని నడిపే సర్వర్‌కూ మధ్య మాటలకు అందరూ వాడుకోగల ఉమ్మడి ప్రమాణం. ఇప్పటికీ ఎక్కువగా కనబడేది 2015 నాటి 1.6 వెర్షన్. 2020లో వచ్చిన 2.0.1లో భద్రత, లోడ్ మేనేజ్‌మెంట్ మెరుగుపడ్డాయి. బ్రోషరులో ఓసీపీపీ అన్న మాట ఉంటే చాలదు. సర్వర్ చిరునామాను కొన్నవారు తమంతట తాము మార్చుకోగలరా, అందుకు కావలసిన పాస్‌వర్డులు చేతికిస్తారా, మార్చుకుంటే వారంటీ పోతుందా అన్నవి అసలు ప్రశ్నలు. ఇంటర్నెట్ లేనప్పుడు ఏమవుతుందన్నది మరొకటి: నమోదైన కార్డులను గుర్తుపెట్టుకొని చార్జింగ్ కొనసాగించాలి, లోడ్ మేనేజ్‌మెంట్ భవనంలోపలే నడుస్తూ ఉండాలి. సర్వర్‌తో సంబంధం తెగినప్పుడు చార్జర్లన్నీ ఒకేసారి పూర్తి వేగానికి ఎగబాకేలా అమర్చి ఉంటే అది మెయిన్ బ్రేకర్ ట్రిప్ అవడంతోనే తేలుతుంది. సెల్లార్లలో మొబైల్ సిగ్నల్ అందదు కాబట్టి కరెంటు పైపు పక్కనే నెట్‌వర్క్ కేబుల్‌కూ ఒక పైపు వేయాలి. ఆ నెట్‌వర్క్ ఆఫీసు కంప్యూటర్ల నెట్‌వర్క్‌తో కలవకూడదు.

ఉచితమా, చార్జీయా?

ఉచితంగా ఇవ్వడం ఉదారంగానే ఉంటుంది. కానీ ఇంట్లో చార్జర్ ఉన్నవారు కూడా ఇల్లు మానేసి ఆఫీసులో పెట్టుకోవడం మొదలుపెడతారు. నిజంగా అవసరమున్నవారికి చోటు దొరకదు, కారు లేని ఉద్యోగికి మనసులో ఒక ముల్లు మిగులుతుంది. ఇంట్లో పడే రేటుకు దాదాపు సమానంగా యూనిట్‌కింత అని వసూలు చేయడం అన్నిటికన్నా సజావైన మార్గం. గంటల లెక్కన వసూలు చేస్తే నెమ్మదిగా చార్జ్ అయ్యే కారువారు ఒకే కరెంటుకు ఎక్కువ కట్టాల్సి వస్తుంది. లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్నచోట ఇది మరీ అన్యాయం, వేగాన్ని తగ్గించేది సంస్థే కాబట్టి. యూనిట్‌కు వసూలు చేయాలంటే మీటరు ధ్రువీకరణ ఉన్నదే కావాలన్న చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. చార్జర్ కొనకముందే ఆ సంగతి చూసుకోవాలి.

బండి నిండాక కూడా తీయకపోతే జరిమానా వేయడం రహదారి పక్క ఫాస్ట్ చార్జర్లకు సబబు. ఆఫీసులో మాత్రం అది తలనొప్పి. నాలుగు పాయింట్లు, పన్నెండు కార్లు ఉన్నచోట మధ్యాహ్నం మీటింగు మధ్యలో లేచి వెళ్లి బండి తీయమని ఎవరికి చెప్పగలరు? వాట్సాప్ గ్రూపులో మొదలైన మర్యాద కొన్నాళ్లకు పోట్లాటగా మారుతుంది. నాలుగు వేగమైన పాయింట్ల స్థానంలో పన్నెండు నెమ్మదైనవి పెడితే బండి మార్చాల్సిన పనే రాదు, నిబంధనల పుస్తకం సగానికి తగ్గుతుంది. నెమ్మదైన చార్జర్ల పక్షాన ఉన్న వాదనల్లో కిలోవాట్ల లెక్క కంటే ఇదే బలమైనదనిపిస్తుంది.

పగటి ఎండ

పనిచోట చార్జింగ్‌కు ఇంటి చార్జింగ్‌కు లేని ఒక సౌలభ్యం ఉంది: కార్లు ఆగి ఉండేది ఎండ కాసే వేళల్లో. అమెరికా పశ్చిమ రాష్ట్రాల గ్రిడ్‌ను పరిశీలించి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో నేచర్ ఎనర్జీ పత్రికలో వేసిన అధ్యయనం, రాత్రి ఇంటి చార్జింగ్ నుంచి పగటి వేళ పనిచోట చార్జింగ్‌కు మళ్లితే గ్రిడ్ మీద ఒత్తిడి, బ్యాటరీ నిల్వల అవసరం తగ్గుతాయని చూపింది. మిగులు సౌర విద్యుత్తు ఉన్న ఏ గ్రిడ్‌కైనా ఈ తర్కం వర్తిస్తుంది.

ఒక్క పార్కింగ్ స్థలం మీదే లెక్క వేసి చూడవచ్చు. రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. అంత కప్పు మీద సుమారు 2.5 కిలోవాట్ల సౌర ఫలకాలు పడతాయి. ఎండ బాగా కాసే ప్రాంతాల్లో కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున పది యూనిట్లు వస్తాయి. కింద ఆగిన కారుకు కావాల్సింది ఏడు. మబ్బు పట్టిన నెలల్లో ఈ లెక్క తలకిందులవుతుంది, సెలవు రోజుల కరెంటు భవనానికో గ్రిడ్‌కో పోవాలి. అయినా ఎండకు మాడే కార్లకు నీడ అదనపు లాభం. దీన్ని మొదటి దశలోనే కట్టేయనవసరం లేదు. స్తంభాలకు పునాదులు ఎక్కడ వస్తాయో పైపులు వేసేటప్పుడే గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

బిగించాక తొలి ఆరు నెలల వివరాలను భద్రపరచుకోవాలి: పదిహేను నిమిషాలకోసారి గుంపు మొత్తం తీసుకున్న లోడు, ఎన్ని కార్లు సాయంత్రానికి నిండకుండా వెళ్లాయి, ఏ పాయింటు ఎన్ని రోజులు పాడై ఉంది. ఆర్‌సీడీ పరీక్ష, టెర్మినళ్ల బిగింపు, కనెక్టర్ల అరుగుదల చూసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసి ఉండాలి, ఫిర్యాదు చేయాల్సిన నంబరు పెట్టె మీదే ఉండాలి. 60 కిలోవాట్ల పరిమితి పెట్టుకున్నచోట ఆరు నెలల్లో ఒక్కసారి కూడా 40 దాటకపోతే, విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టకుండానే ఇంకో ఇరవై పాయింట్లు చేర్చవచ్చు. రోజూ ఉదయమంతా గీతను తాకుతూ ఉన్నా, సాయంత్రానికి కార్లన్నీ నిండుతుంటే మార్చాల్సిందేమీ లేదు. నిండకుండా వెళ్లే కార్లు పెరిగినప్పుడే మెయిన్ బోర్డు వైపు చూడాలి.